జీపులో కోసే గొంతు

పోయిన వారం మనం రేణుకను వదిలేసరికి ఆమె చేతిలో జిలేబీ పొట్లం ఉంది. కొంటా బజారులో కిరాణా, అడవి సరుకుల వ్యాపారం చేసే రామారావు కూతురు ఏడు నెలలు కూర్చుని రాసిన దోర్లీ భాష మాడ్యూలును 'గొంతుక' వాళ్లు తమ ప్రాజెక్టులో కలుపుకున్నారు. ఆ కబురు ఫోనులో చూసి, దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆమె తలా ఒక చుట్ట జిలేబీ పెట్టింది.

'గొంతుక' ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఎక్కడెక్కడో ఉన్న వంద మందికి పైగా మనుషులు తలా ఒక చెయ్యి వేసి తయారు చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఫోనులో రాసి ఉన్నదాన్ని, చదువు రానివాళ్లకు పైకి చదివి వినిపిస్తుంది. దాని కోడ్ తెరిచే ఉంటుంది. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా కొత్త భాగం రాసి చేర్చవచ్చు. తెలుగు, హిందీ అప్పటికే ఉన్నాయి. చుట్టుపక్కల అడవి ఊళ్లవాళ్లు మాట్లాడే దోర్లీని చేర్చింది రేణుక. కోడ్ ఆమెదే కానీ గొంతు ఆమెది కాదు. ఆ గొంతు ఇప్పమడుగు అనే ఊరి మితానిన్, కోసే అనే ఆమెది.

ఊళ్లో జ్వరాలకు బిళ్లలు ఇచ్చి, పురుళ్లకు ఆసుపత్రిదాకా తోడు వెళ్లే మనిషిని అక్కడ మితానిన్ అంటారు. కోసేకు యాభై ఏళ్లు దాటాయి. పందొమ్మిదేళ్లుగా ఆ పని చేస్తోంది. మలేరియా బిళ్లల కాగితం హిందీలో ఉండి, తను లేని పూట ఒక తల్లి మూడు రోజుల మందు ఒక్కసారే బిడ్డకు వేసిందని కోసే చెప్పి బాధపడినప్పుడే రేణుకకు ఈ ఆలోచన వచ్చింది. రామారావు గోదాములో ఇప్పపువ్వు బస్తాల మధ్య కూర్చుని కోసే రోజుకు రెండేసి గంటలు మాట్లాడేది, రేణుక రికార్డు చేసుకునేది. బస్తాలు చప్పుడును మింగేసేవి. అంత శ్రద్ధగా జరిగిన పని అది.

ఆ జిలేబీలు పంచిన రెండు నెలలకు, ఒక గురువారం ఉదయం, మొదటి బస్సుకు కోసే వచ్చింది.

ఎప్పుడు వచ్చినా గంప అరుగు మీద దింపి, "సావుకారూ, ఛాయ్ జెప్పు" అని నవ్వుతూ లోపలికి వచ్చే మనిషి. ఇవాళ గంప లేదు. కాళ్లకు చెప్పులు లేవు. స్టూలు ఖాళీగా ఉన్నా నేల మీద కూర్చుని గోడకు వీపు ఆనించింది.

"ఏంది కోసే అక్కా, పానం బాగలేదా?" అంది రేణుక, ల్యాప్‌టాప్ పక్కకు జరిపి.

"నా గొంతు నాకిచ్చెయ్యి బిడ్డా."

గొంతు పట్టేసిందేమో అనుకుంది రేణుక. గాజు సీసాలోంచి రెండు లవంగాలు తీసి చేతిలో పెట్టబోయింది. కోసే చెయ్యి చాపలేదు.

"దగ్గు కాదు. నువ్వు ఆ గోదాముల కూసోబెట్టి తీస్కున్నవ్ సూడు, ఆ గొంతు. అది ఇచ్చెయ్యి. నేను ఊరికి పోవాలె."

మిరపకాయల బస్తా మూతి కుడుతున్న రామారావు దబ్బనం ఆపి కూతురి వంక చూశాడు. రేణుక వచ్చి కోసే ఎదురుగా తనూ నేల మీద కూర్చుంది.

"ఏమైందో జెప్పు అక్కా."

కోసే ఎవరైనా వింటున్నారా అన్నట్టు వీధి వైపు చూసి, గొంతు తగ్గించుకుంది.

"నిన్న మా దగ్గర బజార్. చింతపండు ముందటేస్కుని కూసున్న. రోడ్డు మీద జీపొచ్చి ఆగింది. పైన మైకుంది. అండ్లకెళ్లి నేను మాట్లాడుతున్న."

"నువ్వా?"

"నేనే. నా నోరు మూసే ఉంది బిడ్డా, పొగాకు పెట్టుకుని ఉన్న. అయినా నేనే మాట్లాడుతున్న. 'అక్కలారా, అన్నలారా, శుక్రారం గ్రామ్‌సభ. అందరు రాండ్రి. గుట్ట ఇస్తే మనకు రోడ్డొస్తది, పని దొరుకుతది. భయమేం లేదు. నేను గూడ అంగూఠా పెట్టిన.' గట్లన్నది. హిందీల కాదు. దోర్లీల. మా ఊరి దోర్లీల."

రేణుక వేళ్లలోంచి లవంగాలు జారి నేల మీద పడ్డాయి. ఆమె వాటిని చూడలేదు.

ఇప్పమడుగు గుట్ట సంగతి కొంటాలో అందరికీ తెలుసు. రాయి తవ్వుకోవడానికి ఎవరో బయటివాళ్లు అడుగుతున్నారు. ఇవ్వాలంటే ఊరి సభ ఒప్పుకోవాలి, ఊరివాళ్లు కాగితం మీద అంగూఠా, అంటే వేలిముద్ర, పెట్టాలి. ఊరికి ఎండాకాలం తాగునీళ్లు వచ్చే వాగు ఆ గుట్టలోంచే పుడుతుంది. సభ ఇప్పటికి నాలుగుసార్లు కూర్చుంది. నాలుగుసార్లూ లేచి వద్దని చెప్పిన మొదటి మనిషి కోసే.

"ముందుగాల నవ్విండ్రు," అంది కోసే. "కోసే జీపుల ఎప్పుడు ఎక్కింది అని. జీపు రెండోసారి జెప్పినంక ఎవ్వరు నవ్వలే. బజార్ బజార్ అంత నా దిక్కు సూసింది. నేను లేచి, 'నేను పెట్టలే, నేను అనలే' అని అరిసిన. అటు మైకుల గూడ నేనే, ఇటు నేనే. జనం ఏది ఇంటరు? నా పక్కన కూసున్న భీమే తన గంప ఎత్తుకుని అవతలికి పోయింది. దాని ఇద్దరు పిల్లలు నా చేతులల్లనే పుట్టిండ్రు."

రేణుక ఇంకా ఆశ వదులుకోలేదు. ఎవరో ఆడమనిషిచేత కోసేలాగా అనుకరించి చెప్పించి ఉంటారు. అలా కూడా చేస్తారు. అదే అడిగింది.

"నీ గొంతే అని ఎట్ల తెలిసింది అక్కా? నీ లెక్కన ఇంకొకరు మాట్లాడొచ్చు గదా."

"మాట మొదలుపెట్టేటప్పుడు నేను నాలికతోని 'ట్చ' అంట సూడు. అది గూడ అన్నది."

అంతే. రేణుకకు ఇక అనుమానం లేదు. ఆ 'ట్చ'ను రికార్డింగుల్లోంచి తీసెయ్యడానికి ఆమె పదకొండు రోజులు తంటాలు పడింది. తీసేస్తే గొంతు చచ్చిపోయినట్టు ఉండేది. చివరకు ఉంచేసింది. మాడ్యూలును పరీక్షించినవాళ్లందరూ దాన్నే మెచ్చుకున్నారు. అచ్చం మనిషి మాట్లాడినట్టుందని రాశారు.

"నా ముంగట పలికించు," అంది కోసే. "నీ డబ్బాల."

రేణుక ల్యాప్‌టాప్ ఒళ్లోకి తీసుకుంది. "ఏం పలికించాలె?"

"నేను అంగూఠా పెట్టలేదని."

తెలుగు అక్షరాల్లో ఆ దోర్లీ మాట కొట్టి మీట నొక్కింది. ఒక్క క్షణం తరువాత నాలుక చప్పుడు, ఆ వెంటనే కోసే గొంతు. నేను అంగూఠా పెట్టలేదు. దుకాణం అంతా వినిపించేలా, నింపాదిగా, తడబాటు లేకుండా.

కోసే ముఖం నల్లబడిపోయింది. ల్యాప్‌టాప్ వైపు వేలు చూపింది.

"ఇది గూడ నేను అనలే," అంది.

రేణుకకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె చేతులు మీటల మీద నుంచి వాటంతట అవే వెనక్కి వచ్చేశాయి.

"నువ్వు రాసినవ్. అది అన్నది. నేనైతే అనలే," అంది కోసే. "ఆనాడు నువ్వు ఇనిపిస్తివి గదా, అన్నం తిన్నంక రెండు గోలీలని. అది నేను అన్న మాటే. పాటను ఫోన్ల దాచినట్టు నా మాట దాచినవనుకున్న. నేను ఏది జెప్పిన్నో అదే జెప్తదనుకున్న. నేను జెప్పంది గూడ జెప్తదని నువ్వు నాకు జెప్పలే."

"చెప్పిన అక్కా..." అని మొదలుపెట్టి రేణుక ఆగిపోయింది. తను ఏం చెప్పిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. మందులు ఎట్లా వేసుకోవాలో ఫోను చెప్తుందని చెప్పింది. నీ గొంతు ఊరూరా వినపడుతుందని చెప్పింది. కోసే మురిసిపోయి కాగితం మీద వేలిముద్ర వేసింది. ఇంకేమైనా చెప్పిందా?

"ఎనక్కి తీస్కో," అంది కోసే. "పెట్టినదానివి నువ్వే గదా, తియ్యి."

తీయవచ్చు అనే అనుకుంది రేణుక. వెంటనే భానుప్రకాష్‌కు ఫోను చేసింది. 'గొంతుక'లో ఎవరు కొత్త భాగం పంపినా పరిశీలించి, బాగుంటే కలిపేది ఆయనే. విశాఖపట్నంలో ఉంటాడు. ఎప్పుడూ చూసింది లేదు కానీ ఏడు నెలలూ ఓపికగా తప్పులు దిద్ది పనిని గట్టెక్కించిన పెద్దమనిషి.

"నాకు గూడ ఇనబడాలె," అంది కోసే. రేణుక స్పీకర్ నొక్కి ఫోనును ఇద్దరి మధ్య నేల మీద పెట్టింది.

"రేణుక గారూ, మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నానండి," అన్నాడు భానుప్రకాష్ ఉత్సాహంగా. "మీ దోర్లీ మాడ్యూలును ఎంతమంది దించుకున్నారో చూశారా? ఇంత చిన్న భాషకు ఇంత ఆదరణ నేను ఊహించలేదు."

రేణుక జరిగింది చెప్పింది. గుట్ట, జీపు, బజారు, కోసే. మధ్యలో ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"తీసేద్దాం సార్," అంది రేణుక. "ఇప్పుడే తీసెయ్యండి."

"తీసేస్తానండి. పది నిమిషాల పని. కానీ మన దగ్గర నుంచి పోతుంది, అంతే. దించుకున్నవాళ్ల దగ్గర ఉన్నది ఎలా పోతుంది? అది వాళ్ల కంప్యూటర్లో ఉంది. వాళ్ల జీపులో ఉంది."

"వాడకూడదని చెప్పొచ్చు గదా. కేసు పెట్టొచ్చు గదా."

"మోసం చేశారని ఆ ఊరివాళ్లు పెట్టొచ్చేమో, అది వేరే సంగతి. మన వైపు నుంచి మాత్రం అనడానికేమీ లేదు. ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చని మీ మాడ్యూలు మీద మీరే లైసెన్సు పెట్టారు. తక్కిన భాషలకు ఉన్నదే మీరూ ఎంచుకున్నారు. ఇచ్చిన అనుమతిని ఇప్పుడు వెనక్కి తీసుకోలేం."

కోసే తల ఎత్తింది. ఆమెకు తెలుగు బాగానే అర్థమవుతుంది.

"ఇంకొక్క మాట రేణుక గారూ," అన్నాడు భానుప్రకాష్. ఆయన గొంతులో కోపం లేదు, అయినా నెమ్మదిగా ఏదో బరువు దించుతున్నట్టుంది. "నాకు ఇదే భయం ఉండి, కలిపే ముందు మిమ్మల్ని అడిగాను. గొంతు ఇచ్చిన మనిషికి, తను అనని మాటలు కూడా ఆ గొంతుతో ఎవరైనా అనిపించవచ్చని తెలుసా అని. మీ జవాబు ఇప్పుడు నా ముందే ఉంది. 'దోర్లీలో వివరంగా చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకున్నారు.' ఆ జవాబు చూశాకే నేను కలిపాను."

బయట సుక్మా బస్సు హారన్ కొడుతూ మలుపు తిరిగిపోయింది.

రేణుకకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన తొమ్మిది ప్రశ్నలు పంపాడు. ఎనిమిది కోడ్ గురించినవి. వాటికి రెండు రోజులు కూర్చుని, పరీక్షలు చేసి, జాగ్రత్తగా జవాబులు రాసింది. తొమ్మిదోది ఇది. ఇంకొక్కటి అయిపోతే పని పూర్తవుతుందన్న ఆత్రంలో, అర నిమిషంలో ఆ రెండు వాక్యాలు కొట్టి పంపేసింది. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. ఫారంలో ఒక గడి నింపినట్టు అనిపించింది.

"నేను మళ్లీ చేస్తాను సార్," అని ఫోను కట్టేసింది.

"గది నీ రాతేనా?" అంది కోసే.

"నాదే."

"దోర్లీల జెప్పినవా నాకు?"

"లేదు అక్కా."

"మరి జెప్పినట్టు ఎందుకు రాసినవ్?"

రేణుక నేల వైపు చూసింది. "తొందర్ల రాసిన. అప్పటికి అయిపోతే చాలనుకున్న."

కోసే తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. ఒక్కసారి తల ఊపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. ఎవరి ఇంట్లోనో జ్వరంతో ఉన్న బిడ్డ మంచం పక్కన కూర్చున్నట్టు.

రామారావు దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆమె తెచ్చిన చింతపండు, ఇప్పపువ్వు కొన్నవాడు. భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"కోసే, పిల్ల కావాలని చెయ్యలేదు. రేపటి సభలో నువ్వే లేచి నోటితో చెప్పు. నువ్వు చెబితే ఊరు వింటుంది."

"జీపు గూడ నా నోటితోనే జెప్పింది సావుకారూ."

రామారావు వెళ్లి దబ్బనం బస్తాకు గుచ్చాడు.

"నేనొస్తా," అంది రేణుక. లేచి నిలబడింది. "రేపు సభల అందరి ముంగట దీన్ని పెడతా. ఏది రాస్తే అది మాట్లాడుతదని సూపిస్తా. ఎవరు ఏది అడిగితే అది పలికిస్తా. ఇది ఎవరు చేసిండ్రు, నీకు జెప్పకుండ ఎట్ల చేసిండ్రు అన్నది గూడ నేనే జెప్తా."

"రేణూ," అన్నాడు రామారావు. "ఆ జీపువాళ్లు ఎవరో మనకు తెలియదు. నువ్వక్కడ లేచి నిలబడితే రేపు వాళ్లు ఈ దుకాణం ముందుకు రారా? మనం బతకాల్సింది ఇక్కడ."

"నా పేరు మీదే ఉంది నాన్నా అది. ఎవరు సూసినా ముందు కనబడేది నా పేరే."

రేణుక అప్పటికే ల్యాప్‌టాప్ సంచిలో పెడుతోంది. చిన్న స్పీకరు కోసం అరలు వెతుకుతోంది. రామారావు గోడ దగ్గరికి వెళ్లి, దుకాణంలో కరెంటు పోయినప్పుడు లైటుకు వాడే బ్యాటరీ వైర్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇప్పమడుగులో కరెంటు ఏ వేళ ఉంటుందో చెప్పలేం," అన్నాడు అటు తిరిగే. "ఇది పట్టుకెళ్లు."

కోసే మొదటిసారి ఆయన వైపు తిరిగి చూసింది. కళ్లు తుడుచుకుని చీర కొంగు బిగించింది. "ఇప్పుడే పోదాం. నాలుగిండ్లకైనా ఇయ్యాల్నే తిరుగుదాం," అంది.

అప్పుడే ఆమె నడుము దగ్గర ముడి వేసుకున్న చిన్న ఫోను మోగింది.

"ముకేష్," అంది కోసే రేణుకతో. ఆమె ఒక్కగానొక్క కొడుకు. భార్యను తీసుకురావడానికి తోంగ్‌పాల్ వెళ్లి రెండు రోజులైంది. నిన్నటి బజారులో లేడు. ఈ పొద్దున ఇల్లు చేరి ఉంటాడు. అప్పటికి కోసే బస్సెక్కేసింది. ఆ ఫోనులో మాట ఎప్పుడూ గట్టిగానే వినపడుతుంది. తల్లీకొడుకులు మాట్లాడుకునేది దోర్లీలోనే, అది తండ్రీకూతుళ్లిద్దరికీ అర్థమవుతుంది.

"అమ్మా, అయిపోయింది," అన్నాడు ముకేష్. "నువ్వు జెప్పినట్టే చేసిన."

"నేనేం జెప్పిన?"

"గంట కింద ఫోన్ చేసినవ్ గదా. రేపటిదాక ఆగకు, కాయితం పట్టుకుని ఇంటికొస్తరు, అంగూఠా పెట్టు అంటివి. నువ్వు ఎప్పుడూ వద్దనేదానివి, ఇప్పుడు ఎందుకు పెట్టుమంటున్నవో అడుగుదామంటే ఇనకుండనే ఫోన్ పెట్టేసినవ్. సరే, అమ్మకు తెలుసులే అని పెట్టిన. నేను పెట్టంగనే మన వాడల పదహారిండ్లోళ్లు పెట్టిండ్రు. కోసే కొడుకే పెట్టిండు గదా అని."

రామారావు చేతిలో బ్యాటరీ అలాగే ఉండిపోయింది. రేణుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జీపు ఊరందరితో మాట్లాడింది. ఇది ఒక్క మనిషిని వెతుక్కుంటూ, ఆ మనిషి ఎవరి మాట కాదనలేడో తెలుసుకుని మరీ వెళ్లింది.

"ముకేష్, ఏ నంబర్ నుంచి?" అంది కోసే. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపిస్తున్నట్టుంది.

"ఎవరిదో కొత్త నంబర్. కొంటాల ఎవరి ఫోనో అడిగి చేసినవనుకున్న."

"నేను చేయలే బిడ్డా. పొద్దుగాల నుంచి ఎవ్వరికి ఫోన్ చేయలే. అది నేను కాదు."

ఫోనులో కోడి కూత, దూరంగా ఎవరో నవ్వడం, ఇంటి ముందు మోటారు సైకిలు స్టార్టు చేసిన చప్పుడు వినిపించాయి. ముకేష్ ఊపిరి వినిపించింది. ఆ తరువాత అతను మాట్లాడిన మాటలో కొడుకు చనువు లేదు. తలుపు తట్టిన అపరిచితుణ్ణి అడిగినట్టు, జాగ్రత్తగా అడిగాడు.

"మరి ఇప్పుడు మాట్లాడేది ఎవరు?"